పదకొండు సెకన్లు

నా పని వంతెన ఎత్తడం.
పడవ వస్తే ఎర్రదీపం, గంట, గొలుసు.
సైకిళ్ళు ఆగుతాయి, పాలబండి ఆగుతుంది,
తిట్టుకునేవాళ్ళు తిట్టుకుంటారు.
ఇరవై రెండేళ్ళుగా జనాన్ని నిలబెట్టి
జీతం తీసుకుంటున్నవాణ్ణి.
ఆగడం గురించి నాకెవరూ చెప్పక్కర్లేదనుకున్నాను.

ఆ మార్చిలో గ్రోనింగెన్ ఆసుపత్రి మూడో అంతస్తులో
డాక్టర్ హోఖ్‌స్ట్రా రెండు బొమ్మలు పరిచింది.
రెండూ మా యిల్డౌ తలే.
చిన్న మెదడు పక్కన రేగిపండంత గడ్డ ఉన్న చోటు.
కోసి తీసేశారు, వేళ్ళు మిగిలాయేమోనని భయం.
మొదటి బొమ్మలో రంగు
గోడకి చెమ్మెక్కినట్టు తలలోకి పాకింది.
రెండోదాంట్లో చెప్పిన చోటికి వచ్చి ఆగిపోయింది.
"మొదటిది రేపే మొదలుపెట్టొచ్చు.
రెండోదానికి మూడు వారాలు వరసలో ఉండాలి.
గడ్డకి రెండూ ఒకటే.
తేడా పిల్లకి."

ఎంత తేడా, అన్నాడు నాలోని గుమాస్తా.
ఆమె కళ్ళజోడు తీసి తుడిచింది.
"తక్కువ పోతుంది. ఏమీ పోదని మాత్రం అనను.
నేర్చుకున్నది మర్చిపోరు ఈ పిల్లలు,
కొత్తది ఎక్కడమే నెమ్మదిస్తుంది.
తోటివాళ్ళు రెండు మెట్లెక్కే వేళకి వీళ్ళు ఒకటి.
మూడేళ్ళది కదా,
మెదడు ఇంకా పచ్చికుండ."

సీట్స్కే అంది: మూడు వారాలా!
ఆ గడ్డ కూడా వరసలో నిలబడుతుందా?
ముందు బతకనివ్వు, చదువు తర్వాత.
నేనన్నాను: బతికితే ఎనభయ్యేళ్ళూ
ఆ తలతోనే కదా బతకాలి.
ఇంటికెళ్ళేదాకా నేను రోడ్డు చూశాను, తను కిటికీ.
వెనకసీట్లో అది
గాలిమరల్ని లెక్కపెడుతోంది,
ఒకటి, రెండు, నాలుగు, రెండు.

ఆగాం.
ఆ మూడు వారాల్లో ఏ రాత్రి అది వాంతి చేసుకున్నా
సీట్స్కే నన్ను చూసేది.
ఏమీ అనేది కాదు.

తర్వాత ముప్ఫై మూడు ఉదయాలు.
మత్తు, ముఖానికి వల ముసుగు,
బరువైన తలుపు మూసుకునే చప్పుడు.
ముసుగు మీద నక్కని గీశాడు అక్కడి కుర్రాడు.
ఆ నక్క ఇంకా మా షెడ్డులో మేకుకి వేలాడుతోంది,
పారేద్దామంటే చెయ్యి రాదు.

ఇప్పుడు దానికి తొమ్మిది.
ఏటేటా ఒక గదిలో కూర్చోబెట్టి
అంకెలు చెప్పి, తిరగేసి చెప్పమంటారు.
ఈసారి నన్ను మూల కుర్చీలో ఉండనిచ్చారు.
ఏడు, రెండు, తొమ్మిది, నాలుగు.
యిల్డౌ బల్ల అంచు కేసి చూసింది.
నేను వాచీ చూశాను, అలవాటు.
మూడు. ఐదు. ఎనిమిది.
జవాబు నా నాలుక చివరికొచ్చింది, పళ్ళు బిగించాను.
పదకొండు.
"నాలుగు, తొమ్మిది, రెండు, ఏడు."
తప్పు లేదు.
కాగితం మీద గీత మాత్రం
నిరుటికన్నా వేలెడు కిందికి.

వరండాలో అడిగేశాను:
ఆ మొదటి బొమ్మే ఎంచుకుని ఉంటే?
మందులతో ఇంకో ఏడాది నెట్టుకొచ్చి ఉంటే?
"ఆ పిల్లకి నేను పరీక్ష పెట్టలేదండీ," అంది ఆమె.
"ఆ పిల్ల ఏ గదిలోనూ లేదు."

బళ్ళో టీచరు రెండు సెకన్లు చూసి
పక్క పిల్లాణ్ణి అడుగుతుందట.
వెళ్ళి చెప్పాలి.
ఏం చెప్పాలో కారులో నాలుగుసార్లు అనుకుని చూశాను,
ప్రతిసారీ గొంతు పెరిగింది.

శనివారాలు నాతో వంతెన దగ్గరికొస్తుంది.
గేలం కర్రకి తాడు, తాడు చివర చెక్కచెప్పు,
పడవవాళ్ళు సుంకం అందులో వేస్తారు, తాతలనాటి పద్ధతి.
నిన్న ఒక జర్మన్ పడవ, అంతా చిల్లర.
అది చెప్పులోకి చూస్తూ నిలబడిపోయింది.
లెక్క ఎక్కడో జారి, మళ్ళీ మొదటికి.
పడవ వెళ్ళిపోయింది. వంతెన పైనే ఉంది.
అటు ఏడు సైకిళ్ళు, ఇటు పాలబండి.
ఎవడో బెల్లు కొట్టాడు.
మీట మీద చెయ్యి వేసి
నొక్కలేదు.

"ఇరవై సెంట్లు తక్కువ నాన్నా," అంది.
నిజమే.
తక్కువే.